జేబుల్లోంచి రాని చేతులు

అక్టోబర్ 9, బుధవారం

ప్రభువా, నీకు వెయ్యి దండాలు! రోవీనా పెళ్ళి చేసుకుంటోంది!

నలభై మూడేళ్ళ నా కూతురు ఈ పొద్దున మా ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడి, నా కాఫీలో పాలు పోస్తూ, చలి పెరిగిందని చెప్పినట్టు చెప్పింది. "నాన్నా, నేనూ లైలూ పెళ్ళి చేసుకుంటున్నాం." నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఏడ్చాను. తరువాత బయటికి వెళ్ళి, మనుషులెవరూ కనబడక, ఎదురింటి కోళ్ళకి చెప్పాను! మా ఆవిడ విల్మా బతికి ఉంటే ఈపాటికి ఊరంతా ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకుని ఉండేది.

లైల్ కట్‌లిప్. ఏభై దాటాయి. నెమ్మదస్తుడు. దాణా కొట్లో పని. నవ్వితే కళ్ళు కూడా నవ్వుతాయి. ఇంకేం కావాలి?

పెళ్ళి నవంబర్ 23, శనివారం. ఆ వచ్చే సోమవారం నుంచి జింకల వేట. "ఒక్క వారం ఆలస్యం చేస్తే చర్చిలో ఆడవాళ్ళూ పాస్టరు గారూ తప్ప ఎవరూ మిగలరు నాన్నా" అంది. పాస్టరు మాత్రం మిగులుతాడా!

చర్చి తలుపు దగ్గర్నుంచి ముందు వరకూ నేను రోవీనా చెయ్యి పట్టుకుని నడవాలి. ఆ నడక ఈ జన్మకి లేదనుకున్నాను. ఉంది!

అక్టోబర్ 10

నిద్ర లేచి మళ్ళీ గుర్తు చేసుకున్నాను. నిజమే.

అక్టోబర్ 12, శనివారం

లైల్‌ని ఓకీ తుపాకుల కొట్టుకి తీసుకెళ్ళాను. మా ఇళ్ళలో పిల్లనిచ్చిన మామ అల్లుడికి ఒక పాత చేతి తుపాకీ ఇస్తాడు. నాకు విల్మా వాళ్ళ నాన్న ఇచ్చాడు. ఇస్తూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తుపాకీ పోతున్నందుకో, కూతురు పోతున్నందుకో నాకు ఈనాటికీ తెలియదు.

ఓకీ టీటర్ కొట్లో పాతవన్నీ వెనక అద్దాల బల్లలో ఉంటాయి. నీలి పూత అరిగి వెండిలా తేలినవి, పిడి మీద ఎవరి పేరో కత్తితో చెక్కినవి, పోలీసులు వాడి వదిలేసినవి. నేను పనిచేసిన మిల్లు మూసేశాక నాకు చర్చి తరువాత చర్చి అదే. అక్కడ మర్యాద కూడా చర్చిలో ఉన్నట్టే ఉంటుంది. అడగనిదే దేన్నీ ముట్టుకోకూడదు. ఓకీ తీస్తాడు, తూటాలు కూర్చునే సిలిండర్ పక్కకి తెరుస్తాడు, ఆరు గదులూ చూస్తాడు, వేలు పెట్టి కూడా తడుముతాడు, తెరిచే ఉంచి గుడ్డ మీద పెడతాడు. అతను చూడటం నువ్వు కళ్ళారా చూసినా సరే, చేతిలోకి తీసుకున్నాక నువ్వూ చూడాలి. ఎవరూ ఏమీ అనుకోరు. చూడకపోతేనే అనుకుంటారు. వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, గొట్టం నోరు ఎవరి మీదికీ తిరగకూడదు. కుర్రకారు మణికట్టు విదిలించి సిలిండర్ టప్పున మూస్తారే, అలాంటివాళ్ళకి ఓకీ మరి ఏదీ చూపించడు. "అన్నీ అమ్ముడైపోయాయి బాబూ" అంటాడు, బల్ల నిండా పెట్టుకుని!

ఓకీ ఇవాళ మూడు తీశాడు. మూడోది ఏం అందం! వాల్‌నట్ కర్ర పిడి, నా పుట్టుక కంటే పాతది.

"ఇదిగో పెళ్ళికొడుకా, చూడు" అన్నాడు ఓకీ.

లైల్ వంగి చూశాడు. చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి. "చాలా బావుందండీ."

"పట్టుకుంటే కరవదయ్యా."

"ఇక్కణ్ణించే బాగా కనిపిస్తోంది."

"పిల్లని కూడా అలాగే దూరం నుంచి చూసి ఖాయం చేశావా?"

అందరం నవ్వాం. లైల్ కూడా నవ్వాడు. చేతులు మాత్రం బయటికి రాలేదు.

సిగ్గరి. మంచిదే. అంతే. ఇంకేం లేదు.

అక్టోబర్ 13, ఆదివారం

చర్చిలో ఇద్దరికీ కలిపి పాటల పుస్తకం రోవీనాయే పట్టుకుంది, పేజీలు కూడా ఆమే తిప్పింది. ఎంత ప్రేమ! విల్మా నాకెప్పుడూ పట్టుకోలేదు.

అక్టోబర్ 15, మంగళవారం

ఓకీ కొట్లో పొయ్యి పక్కన డోర్సీ ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఈ లోయలో ఉత్తరాలు పంచాడు. పంచినవన్నీ చదివాడని నా నమ్మకం.

"నీ అల్లుడు శనివారం తుపాకీ ముట్టుకోలేదటగా" అన్నాడు.

"సిగ్గు."

"సిగ్గా! ఈ కౌంటీలో పుట్టిన మగాడు, ముందు పెట్టిన రివాల్వర్ ముట్టుకోకుండా ఉన్నాడంటే ఒకటే అర్థం డెల్బర్ట్. ముట్టుకునే హక్కు లేదు. శిక్ష పడ్డవాడు తుపాకీ చేత్తో పట్టుకుంటే చాలు, మళ్ళీ లోపలికే. తెలిసి తెలిసి అలాంటివాడికి కొనిచ్చావనుకో, పక్క గది నీదే."

"నోరు ముయ్యవయ్యా డోర్సీ" అన్నాడు ఓకీ. కానీ కాదని అనలేదు. నేను గమనించాను. కాదని అనలేదు.

డోర్సీ మాటలు నేను పట్టించుకోను. నా సంతోషం నాది!

అయినా ఒక మాట. లైల్ ఇంతకు ముందు ఎల్కిన్స్‌లో కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేసేవాడట. మంచి జీతం, శుభ్రమైన పని. అది వదిలేసి దాణా కొట్లో గల్లా దగ్గర కూర్చున్నాడు. ఎవరైనా వదులుతారా? లేక వదిలించారా?

అక్టోబర్ 17

డోర్సీ మాటలు పట్టించుకోకూడదు.

అక్టోబర్ 18

పట్టించుకోలేదు.

అక్టోబర్ 20, ఆదివారం

రోవీనా ఇంట్లో భోజనం. చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె, దాని మీద రాసుకోవడానికి యాపిల్ బటర్. దేవుడు నన్ను ఎంత చల్లగా చూస్తున్నాడు!

లైల్ రొట్టె తిన్నాడు. పులుసు ముట్టుకోలేదు. గిన్నె నిండుగా ముందు పెట్టుకుని ఒక్క చెంచా ఎత్తలేదు. రోవీనా అతనికి కాఫీ సగం కప్పే పోసింది. నాకు నిండా పోసింది. ఎందుకు? అడగలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు తెలుసు. రోవీనా చిన్నతనంలో కిటికీ అద్దం పగలగొడితే తల్లీ కూతుళ్ళు అలాగే చూసుకున్నారు.

నేను తెలివిగా, ఏమీ తెలియనట్టు అడిగాను. "ఈ లోయ వదిలి ఎప్పుడైనా ఎక్కువ కాలం బయట ఉన్నావా లైల్?"

"రెండు చలికాలాలు మోర్గన్‌టౌన్‌లో, డెల్బర్ట్ గారూ. వస్తూ పోతూ."

"ఏం పని మీద?"

"నాన్నా, రొట్టె చల్లారిపోతోంది" అంది రోవీనా.

మోర్గన్‌టౌన్‌లో ఏముంటాయి? యూనివర్సిటీ ఉంది, ఆసుపత్రి ఉంది, జైలు ఉంది. ఏభై ఏళ్ళ మనిషి చదువుకి వెళ్ళడు. మనిషి చూడబోతే ఆరోగ్యంగా ఉన్నాడు, బస్తాలు మోస్తాడు. ఇక మిగిలిందేమిటి?

నాకు అనుమానం లేదు. లెక్క చూస్తున్నాను, అంతే.

అక్టోబర్ 23

రోవీనాకి తెలుసా? తెలిసి దాస్తోందా, తెలియక మోసపోతోందా? తెలిసి దాస్తోందంటే బాధ. తెలియదంటే భయం. పెళ్ళి నెల రోజుల్లో ఉంది. ఇంత సంతోషంలో అన్నం సహించదేమిటి?

అక్టోబర్ 26, శనివారం

ఇవాళ తేల్చేద్దామనుకున్నాను. అల్లుడి చేతిలో పెడితే తీసుకోవాలి కదా. తీసుకుంటే డోర్సీ నోరు పడిపోతుంది, నా గుండె బరువు దిగుతుంది, అందరం సంతోషంగా ఉంటాం. మంచి ఉద్దేశంతోనే.

రోవీనా కూడా వచ్చింది, పిడి నచ్చిందో లేదో తనే చెబుతానని. ఓకీ వాల్‌నట్ పిడిది తీశాడు. తెరిచాడు, చూశాడు, గుడ్డ మీద పెట్టాడు. లైల్ మళ్ళీ జేబుల్లో చేతులతో నిలబడ్డాడు. డోర్సీ పొయ్యి దగ్గర్నుంచి నన్నే చూస్తున్నాడు. నేను తుపాకీ తీసుకున్నాను. మూశాను. "ఇదిగో, పట్టుకో!" అని లైల్ గుండెకి ఆనించబోయాను.

అతను పట్టుకోలేదు. ట్రక్కుకి దారి ఇచ్చినట్టు ఒక అడుగు పక్కకి జరిగాడు. చాలా మెల్లగా అన్నాడు. "ముందు తెరవండి, డెల్బర్ట్ గారూ. దాని నోరు రోవీనా మీద ఉంది."

అతని వెనక రోవీనా ఉంది. నాకేం తెలుసు?

ఓకీ నా చేతిలోంచి, పసిపిల్ల చేతిలో కత్తెర తీసుకున్నట్టు తీసుకుని తెరిచాడు. ఖాళీదే! ముందే చెప్పాను కదా, ఖాళీదే. అతను చూశాడు. నేనూ చూశాననే అనుకుంటున్నాను. మూసే ముందు చూసే ఉంటాను. ఎప్పుడూ చూస్తాను.

"డెల్బర్ట్, ఇంటికి వెళ్ళు" అన్నాడు ఓకీ. "ఈ బల్ల మీద ఇంకెప్పుడూ చెయ్యి వెయ్యకు. నేను పిలిచే వరకూ."

"ఖాళీదేనయ్యా!"

"ఆ మాట చూసినవాడు చెప్పాలి."

రోవీనా నన్ను చూడలేదు. లైల్ భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్ళింది. వాడి భుజం మీద!

అయినా ఒకటి తేలింది. "ముందు తెరవండి" అని కొత్తవాడు అనడు. నోరు ఎటుందో అంత తొందరగా కొత్తవాడు చూడడు. తుపాకులు పుట్టుకతో తెలిసినవాడు. తెలిసీ ముట్టుకోడు. డోర్సీ చెప్పిందే నిజం.

అక్టోబర్ 27

ఖాళీదే.

అక్టోబర్ 28

రోవీనా ఫోను ఎత్తలేదు. పని ఉండి ఉంటుంది.

అక్టోబర్ 30, బుధవారం

వచ్చింది. కోటు విప్పలేదు, కూర్చోలేదు.

"నాన్నా, శనివారం ఏం చేద్దామనుకున్నావ్?"

"నీ మంచి కోసమే అమ్మా. వాడు జైలుకెళ్ళొచ్చాడు. మోర్గన్‌టౌన్‌లో..."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? చేతులు జేబుల్లోంచి తీస్తాడా? పులుసు తాగుతాడా? కాఫీ సగం కప్పు!"

నా కూతురు మామూలు గొంతుతో చెప్పింది. అరిచినా బావుండేది.

"అతని చేతులు వణుకుతాయి నాన్నా. నరాల జబ్బు. మోర్గన్‌టౌన్ వెళ్ళింది ఆసుపత్రికి. పళ్ళు చేసే పని అందుకే వదిలాడు. చిన్న పని, చేతులు నిలవాలి. పులుసు తాగితే చొక్కా మీద పోసుకుంటాడు, నిండు కప్పు ఒలుకుతుంది. నీ ముందు ఒలికించుకోవడం ఇష్టం లేక ఆకలితో లేచాడు."

ఆమె ముందుకి కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

"వాళ్ళ నాన్న తుపాకులు బాగుచేసేవాడు. అతను వాటి మధ్యే పెరిగాడు. వణుకు వచ్చాక తన తుపాకులన్నీ తనే తీసుకెళ్ళి బక్‌హానన్‌లో అమ్మేశాడు. గొట్టం నిలపలేని మనిషి నలుగురిలో తుపాకీ పట్టుకోకూడదని. ఎవరూ చెప్పలేదు, తనకి తనే పెట్టుకున్నాడు. అలాంటి మనిషి గుండె మీద తుపాకీ పెట్టావు నువ్వు. అది నా మీదికి తిరిగింది."

"ఖాళీదేనమ్మా."

"చూశావా?"

చూశానని చెప్పడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను.

"నాకన్నీ తెలుసు. ముందు ముందు ఎక్కువవుతుందనీ తెలుసు. తెలిసే చేసుకుంటున్నాను. నువ్వు పెళ్ళికి రావొద్దనట్లేదు. వచ్చి కూర్చో. నా చెయ్యి పట్టుకుని మాత్రం నడవొద్దు. ఒక్కదాన్నే నడుస్తాను."

తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్ళింది.

అక్టోబర్ 31

చూడలేదు. మూసేటప్పుడు నేను లైల్ మొహం చూస్తున్నాను. సిలిండర్ వైపు చూడలేదు.

నవంబర్ 2, శనివారం

దాణా కొట్టుకి వెళ్ళాను. ట్రక్కులో కూర్చుని చాలాసేపు ఆలోచించాను, అసలు దాణా కొనడానికి వచ్చానని చెప్పొచ్చా అని. నాకు పశువులేవీ లేవు.

లైల్ గల్లా వెనక ఉన్నాడు. నన్ను చూసి చేతులు జేబుల్లో పెట్టుకోబోయి, ఆగి, బల్ల మీద పెట్టాడు. రెండూ. కుడి చెయ్యి ఆగలేదు. ఇంజను ఆపకుండా వదిలిన ట్రక్కు మీద కప్పు పెడితే ఎలా కదులుతుందో, అలా. నేను చూపు తిప్పుకోబోయాను.

"చూడండి డెల్బర్ట్ గారూ. చూస్తే అలవాటవుతుంది" అన్నాడు.

"తప్పు చేశాను బాబూ."

"నిజంగా జైలనే అనుకున్నారా?"

"అనుకున్నాను."

"దేనికి? బ్యాంకు దోపిడీయా?"

"పశువుల దొంగతనం అనుకున్నా" అన్నాను. అదీ నిజమే, సిగ్గులేదు నాకు.

ఎంత నవ్వాడో! కొట్లో ఉన్న ముసలమ్మ తిరిగి చూసింది. "జైలైతే బావుండేదండీ. ఎప్పుడో ఒకనాడు శిక్ష అయిపోతుంది." అని బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "మీతో ఒక పనుంది. అడగొచ్చా?"

"ప్రాణం అడుగు!" అన్నాను. నేనంతే, సగం సగం రాదు నాకు.

"అన్నీ అమ్మానని రోవీనాకి చెప్పాను. ఒకటి మిగిలింది. మా నాన్నది. ఆయన పోయిన రోజు ఎలా ఉందో అలాగే బట్టల బీరువా పైన దుప్పట్ల కింద ఉంది. తూటాలతో. తీసి ఖాళీ చేద్దామని ఎన్నిసార్లు స్టూలు ఎక్కానో. ఈ చేతులతో ధైర్యం చాలలేదు. పెళ్ళయితే ఆమె ఆ ఇంట్లో ఉంటుంది. దుప్పట్లు దులిపినప్పుడు... మీరు వచ్చి ఖాళీ చేస్తారా?"

"నేనా? ఓకీ నన్ను బల్ల ముట్టుకోవద్దన్నాడు!"

"తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఈ కౌంటీలో ఇకమీదట చూడటం మర్చిపోనివాళ్ళెవరైనా ఉంటే మీరే."

మెచ్చుకున్నాడా, వాత పెట్టాడా? దారంతా ఆలోచించాను. రెండూ అయి ఉంటాయి.

నవంబర్ 3, ఆదివారం

చర్చి అయ్యాక లైల్ ఇంటికి వెళ్ళాను. శుభ్రంగా ఉంది ఇల్లు. కప్పులన్నీ మూతలున్నవి.

స్టూలు ఎక్కాను. దుప్పట్ల కింద నూనె గుడ్డలో చుట్టి ఉంది. గొట్టం నోరు గోడ వైపు పెట్టి, వేలు దూరంగా ఉంచి, దించాను. నా చేతులు వణికాయి! లైల్ చూశాడు. "అదేమీ అంటుకునే జబ్బు కాదండీ" అన్నాడు. నవ్వితే స్టూలు మీంచి పడతానని నవ్వలేదు.

పొరపాటున పేలితే తూటా అందులో ఆగేలా, బల్ల మీద ఒక దాణా బస్తా పడుకోబెట్టి ఉంచాడు. నోరు దాని వైపు తిప్పి సిలిండర్ తెరిచాను. ఆరు గదుల్లోనూ తూటాలున్నాయి. వాటి ఇత్తడి మీద పచ్చగా చిలుము. తూటాలని బయటికి తోసే కడ్డీ నొక్కితే ఐదు రాలాయి. ఒకటి రాలేదు. చిలుము పట్టి లోపల బిగుసుకుపోయింది. ఐదు పడ్డాయి కదా అని మూసేసే తొందర మనిషిని నేను. వారం క్రితం అయితే మూసేసేవాణ్ణి. చెక్క పుల్లతో ముందు నుంచి మెల్లగా నెడుతూ, నొక్కుతూ, లైల్ "తొందరేం లేదు, తొందరేం లేదు" అంటూ ఉంటే, చివరికి అదీ బల్ల మీద పడింది.

వెలుతురులోకి ఎత్తి చూశాను. ఒక్కో గదీ. వేలు పెట్టి తడిమాను. తరువాత లైల్ వైపు పట్టుకున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"కొంచెం తిప్పండి... ఆఁ. ఇంకో రెండు." చూశాడు. "మొదటి నుంచి మళ్ళీ ఒకసారి."

మళ్ళీ తిప్పాను. నాకు కోపం రాలేదు. ఎంత హాయిగా అనిపించిందో! అల్లుడు నన్ను నమ్మక ఒక్కో గదీ చూస్తుంటే, నేను ఒక్కో గదీ చూపిస్తుంటే!

తలెత్తితే గుమ్మంలో రోవీనా ఉంది. ఎప్పుడొచ్చిందో. ఆమె కళ్ళు తుపాకీ మీద, తరువాత ఆరు తూటాల మీద, తరువాత లైల్ మీద.

"అన్నీ అమ్మేశానన్నావ్" అంది అతనితో.

"ఇది ఒక్కటే అమ్మలేకపోయాను. మీ నాన్నగారు ఖాళీ చేశారు."

ఇప్పుడు అతని పని అయిపోయిందనుకున్నాను. నా సంగతి సరే సరి. ఆమె వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆరు తూటాలూ వేలితో లెక్కపెట్టింది. తరువాత వంగి బల్ల కింద నా కాళ్ళ వైపు చూసింది.

"నాన్నా, నీకు మంచి బూట్లున్నాయా?"

"ఎందుకు?"

"ఈ మిల్లు బూట్లతో చర్చి మధ్యలోంచి నా పక్కన నడుస్తావా? టకటకమని పాస్టరు గారి మాట వినపడదు."

"ఉన్నాయమ్మా! నల్లవి! కొత్తవి!" అన్నాను.

ఒక్క జత కూడా లేవు. రేపు పొద్దున్నే ఎల్కిన్స్ వెళ్ళాలి.